ఏడో పిల్లర్ కొసరు

అమ్మ వాళ్ల బిల్డింగు సెల్లారు, ఏడో పిల్లర్ పక్కన
మార్చి 4

మామయ్యా,

ఫోను చేస్తే మీకు వినపడదు. వినపడినట్టు నటిస్తారు, అది ఇంకా ప్రమాదం. అందుకే రాస్తున్నాను. పైగా "కట్టడం సంగతి కాగితం మీద లేకపోతే జరగనట్టే" అని మీ ఆఫీసులో చేరిన మొదటి రోజే నాకు నూరిపోసింది మీరే కదా. ఇరవై ఒక్కేళ్లయినా ఆ రోగం వదల్లేదు.

ఇక్కడి సెక్రటరీ గారు పోయిన వారం నన్ను పిలిపించారు. సెల్లారులో ఏడో పిల్లర్‌కి పూత ఉబ్బింది, రంగు వేయించే ముందు ఒకసారి చూడమన్నారు. సుత్తితో మెల్లిగా తట్టాను. పూతతో పాటు కాంక్రీటు పెచ్చులు పెచ్చులుగా నా కాళ్ల దగ్గర రాలింది. వెనకాల నీళ్ల గొట్టం ఒకటి ఎన్నేళ్లుగా కారుతోందో, చువ్వలు తుప్పుపట్టి సన్నబడ్డాయి. చువ్వల్ని చుట్టి పట్టుకునే రింగులు నాలుగు తెగి ఉన్నాయి. రెండు పక్కల నిలువు పగుళ్లు. నేను సుత్తి కింద పెట్టేశాను.

మీరు నేర్పినట్టే పగుళ్ల మీద అడ్డంగా మూడు గాజు పట్టీలు అతికించి, తేదీ వేశాను. పగులు కదిలితే గాజు విరుగుతుంది, కదలకపోతే ఉంటుంది.

మీ దగ్గర నుంచి నాకు ఒకటే కావాలి. పన్నెండు అంతస్తులకు గీసిన బిల్డింగు మధ్యలో పద్నాలుగు అయింది కదా, అప్పుడు ఈ పిల్లర్‌కి మళ్లీ వేసిన బరువుల షీటు. మీరు ఏ కాగితమూ పారేసే మనిషి కాదు.

అమ్మ తొమ్మిదో అంతస్తు నుంచి రెండు సార్లు దిగి వచ్చింది. "మా తమ్ముడు కట్టిన ఇల్లు, దీనికేం అవుతుందే?" అంది. కట్టింది మేస్త్రీలు, మామయ్య గీశాడంతే అంటే నా మీదే కసురుకుంది.

మీ మేనకోడలు


ఇంటి వెనక గది, గీతల బల్ల దగ్గర
మార్చి 6

స్కేలమ్మా,

ఏడేళ్లప్పుడు నా స్టీలు స్కేలు ఎత్తుకెళ్లి ఇంట్లో అందరి ముక్కులూ కొలిచి గోడ మీద రాశావు. నా ముక్కే పొడుగని తేల్చావు. ఆ పేరు నీకు ఊరికే రాలేదు. ఇప్పుడు నా పిల్లర్ కొలుస్తున్నావన్నమాట.

కంగారుపడకు. ముందు కొలువు. ఊహించకు, సెక్రటరీ మాట నమ్మకు, నా మాట కూడా నమ్మకు. ఎంత కాంక్రీటు గట్టిగా మిగిలిందో, ఏ చువ్వ ఎంత సన్నబడిందో చూసి రాయి. గొట్టం నీళ్లు ఆపించావా? అది మొదటి పని.

ఇంకో మాట నీకు తెలిసిందే. మన ఆఫీసులో రెట్టింపు లేనిదే సంతకం లేదు. నూరు టన్నులు మోసే పిల్లర్ రెండు వందల దాకా నలగకూడదు. అది నియమం. దానిపైన మన ఇంటి పద్ధతి ఒకటి ఉంది. కాగితం మీద బరువు ఎక్కించేటప్పుడు ఐదో వంతు పైన వేసేవాణ్ణి, చడీచప్పుడు కాకుండా. కూరగాయలమ్మే ఆమె తూకం అయ్యాక నాలుగు కాయలు పైన వేసినట్టు. ఆ కొసరు సంగతి యజమానికి తెలియదు, మేస్త్రీకి తెలియదు. నాకు తెలుసు, నీకు తెలుసు. కాబట్టి నీ ఏడో పిల్లర్ కాగితంలో కనిపించే దానికంటే మొండిది.

షీటు ఆకుపచ్చ ట్రంకులో ఉంటుంది. ఆదివారం తీస్తాను. ఆ ట్రంకు మీద మీ అత్తయ్య కుట్టుమిషను పెట్టింది, అది జరపడానికి ఆవిడ అనుమతి కావాలి.

అక్కకి చెప్పు, తమ్ముడి మీద నమ్మకం పెట్టుకున్నందుకు సంతోషం, కానీ సెల్లారులోకి దిగి ఆ పెచ్చులు ఏరవద్దని.

మామయ్య


నా ఆఫీసు
మార్చి 11

మామయ్యా,

కొలిచాను. నాలుగు రోజులు పట్టింది.

కొత్తగా ఉన్నప్పుడు ఈ పిల్లర్ నలగడానికి ఎనిమిది వందల అరవై టన్నులు కావాలి. ఇప్పుడు పాడైన పొర, పోయిన ఇనుము తీసేస్తే ఆరు వందల పది. అది కూడా నేను చూడగలిగినంత మేరకు. గోడ వైపున్న ముఖం నాకు కనపడదు. అక్కడేముందో దేవుడికే తెలియాలి.

మున్సిపాలిటీ ఫైల్లో ఒక్క పేజీ దొరికింది. అందులో పద్నాలుగు అంతస్తులకి ఏడో పిల్లర్ మీద మొత్తం బరువు 420 టన్నులు అని ఉంది, కింద మీ సంతకం ఉంది. అది ఎలా వచ్చిందో చెప్పే షీటు మాత్రం లేదు. 420 నిజమైతే ఇంకా దాదాపు ఒకటిన్నర రెట్లు ఉన్నట్టు. అందులోనే మీ కొసరు కూడా ఉంటుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువే. అప్పుడు జనం ఇళ్లలో ఉండగానే చుట్టూ జాకీలు పెట్టి బాగు చేయవచ్చు. సెక్రటరీ గారికి కావాల్సింది అదే. ఆయన లెక్కలో మా ఇంజనీర్లందరం జనాన్ని భయపెట్టడానికే పుట్టాం.

మొత్తం ఆ 420 మీద నిలబడి ఉంది మామయ్యా. ఇరవై నాలుగో తేదీన అందరి మీటింగు. దానికి ముందే నేను రాసి ఇవ్వాలి, ఉండవచ్చా, దిగాలా అని. కుట్టుమిషను జరిగిందా?

అమ్మ వంటింటి తలుపు పట్టేస్తోందట. వడ్రంగిని పిలిచి ఈ నెలలో రెండు సార్లు చెక్కించింది. చెక్క ఉబ్బిందని ఆవిడ అంటుంది. ఈ ఎండల్లో చెక్క ఉబ్బడమేమిటి, పిల్లర్ కుంగి గుమ్మమే వంకర పోతోందేమో?

గాజు పట్టీలు మూడూ బాగున్నాయి.

మీ మేనకోడలు


ఇల్లు
మార్చి 14

అమ్మాయీ,

జనాన్ని దింపేయ్. అందరినీ. మీటింగు దాకా ఆగకు.

420 నమ్మకు. ఐదు వందలు దాటి వేసుకో. అక్కని రేపే ఇక్కడికి పంపు. లిఫ్టు వద్దు, మెట్ల మీద రమ్మను.

షీటు దొరకలేదు. ఎందుకని అడక్కు.

మామయ్య


నా ఆఫీసు
మార్చి 16

మామయ్యా,

ఉత్తరం రెండు సార్లు చదివాను, రెండో వైపు ఏమైనా ఉందేమోనని తిప్పి కూడా చూశాను.

"ఎందుకని అడక్కు" అని నేను పుట్టి బుద్ధెరిగాక మీరు నాకెప్పుడూ చెప్పలేదు. ఎందుకని అడగలేదని తిట్టేవారు. ఇప్పుడు యాభై ఆరు కుటుంబాల్ని బయటికి పంపమంటూ నా చేతిలో మూడు ముక్కలు పెట్టారు. ఇది పట్టుకుని సెక్రటరీ దగ్గరికి వెళ్లాను. "పాత కాగితం 420 అంటోంది, మీ మామయ్య ఐదు వందలంటున్నారు, దేనికి కాగితం ఉంది?" అన్నారాయన. ఆయన అడిగింది తప్పు కాదు. నాలుగో అంతస్తులో పక్షవాతంతో మంచం పట్టిన ఆయన ఉన్నారు. పదకొండులో పురిటి పిల్ల. వాళ్లని దింపాలంటే మా మామయ్య అన్నాడు అని చెప్పనా?

నేను మన రెట్టింపు లెక్క సంగతి వాళ్లకి విడమరిచి చెప్పడానికి ప్రయత్నించాను. రెట్టింపు ఎందుకు పెడతాం? మనకు తెలియనివి ఉంటాయి కాబట్టి. కాంక్రీటు ఒకచోట పలచన కావచ్చు, ఇళ్లలో బరువు పెరగవచ్చు. ఆ తెలియనిదానికి వదిలే చోటు అది. పిల్లర్ దెబ్బ తిన్నాక తెలియనిది పెరుగుతుంది, చోటు తగ్గుతుంది, రెండూ ఒకేసారి. బాగున్న పిల్లర్‌కి ఒకటిన్నర ఉంటే ఆలోచించవచ్చు. రింగులు తెగిన పిల్లర్‌కి అదే ఒకటిన్నర చెప్పినా నాకు నమ్మకం లేదు. పట్టుకునే రింగు లేకపోతే చువ్వ ఒక్కసారిగా బయటికి వంగిపోతుంది. అది చెప్పి కూలదు.

ఇదంతా విని ఒకాయన, "రెట్టింపు పెట్టారంటే సగం పోయినా పర్లేదన్నమాట" అన్నాడు. నలుగురు తలూపారు. 

ఐదు వందలు దాటి ఉంటే మిగిలేది 1.2 రెట్లే మామయ్యా. అది మీకు నాకంటే బాగా తెలుసు. తెలిసి ఎందుకు నీళ్లు నములుతున్నారు?

అమ్మ రానంది. తమ్ముడు స్వయంగా వచ్చి చెబితే దిగుతుందట.

మేనకోడలు


ఇల్లు
మార్చి 18

అమ్మాయీ,

సరే, విను. ట్రంకు తీశాను, కాగితాలకు చెద పట్టింది. అయినా నాకు జ్ఞాపకం ఉంది.

తప్పు నాదే. ఒక్కో అంతస్తు నుంచి ఆ పిల్లర్ మీదికి వచ్చే బరువు ముప్పై ఆరు టన్నులు. నేను ముప్పై అని వేశాను. పద్నాలుగు ముప్పైలు 420. పద్నాలుగు ముప్పై ఆర్లు 504. తొందరలో పొరపాటు పడ్డాను. కొసరు కూడా వేయలేదు. వయసు మీద పడక ముందే తల తిరిగింది నాకు. అంతే.

ఇదే సంగతి సెక్రటరీ గారికి వేరే ఉత్తరంలో రాసి, సంతకం పెట్టి పంపించాను. నా పేరు మీద ఏ మచ్చ వేసుకున్నా పర్లేదని కూడా రాశాను. నువ్వు అదే చూపించి దింపేయ్. ఇంతకంటే ఏం కావాలి?

అక్కకి నా మోకాళ్లు ఒప్పుకోవడం లేదని చెప్పు. రాలేను. రమ్మని బతిమాలుకుంటున్నానని చెప్పు.

మామయ్య


సెల్లారు
మార్చి 20, మధ్యాహ్నం

మామయ్యా,

మధ్య గాజు విరిగింది.

నిన్న మధ్యాహ్నం చూసినప్పుడు బాగుంది. ఈ పొద్దున తొమ్మిదింటికి వచ్చేసరికి రెండు ముక్కలు. మధ్యలో వెంట్రుక పట్టేంత సందు ఉంది. పిల్లర్ కదులుతోంది.  నడవాలో ఎవరిదో సైకిలు పడితే ప్రాణం పోయినంత పనైంది.

మీ ఉత్తరం సెక్రటరీ గారు నలుగురి ముందు చదివారు. "పాపం, పెద్దాయన. చెవులు పోయాయి, జ్ఞాపకం కూడా పోతున్నట్టుంది" అన్నారు. మున్సిపాలిటీ అధికారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "అమ్మా, గాజు విరిగిందంటే గాలి వల్ల అంటారు, పిల్లలు అంటారు. జ్ఞాపకం మీద రాసిన ఉత్తరంతో ఇన్ని కుటుంబాల్ని ఖాళీ చేయించలేను, కోర్టుకెళ్తారు. అప్పటి కాగితం ఒక్కటి చూపించండి, గంటలో సంతకం పెడతాను" అన్నాడు. ఒక్క కాగితం!

ఇప్పుడు నేను అడగాల్సింది అడుగుతాను. చెద కథ నాకు చెప్పకండి. మీ ట్రంకులో కర్పూరం వాసనకి చీమ కూడా దూరదు. ఇంకోటి. ముప్పై ఆరుని ముప్పై చేసే మనిషి కాదు మీరు. ముప్పై ఆరుని నలభై మూడు చేసే మనిషి. రెండేళ్లు మీ పక్కన కూర్చున్నాను, మీ చేయి నాకు తెలియదా? మీరు ఎవరినో వెనకేసుకొస్తున్నారు. అప్పటి పార్ట్‌నర్‌నా? ఆయన పోయి ఆరేళ్లయింది, ఇంకా ఎవరి పరువు కాపాడుతున్నారు?

మీ అక్క ఆ తొమ్మిదో అంతస్తులో ఉంది. మీరు కట్టారని నమ్మి కొనుక్కుంది, మీరు కట్టారని నమ్మి దిగనంటోంది. ఆమెకంటే ఎక్కువైనది మీ ట్రంకులో ఏముందో నాకు అర్థం కావడం లేదు. పేరు ఎవరిదైనా కానీయండి, నేను ఊరుకోను. ఆ మనిషిని రోడ్డు మీదికి ఈడుస్తాను.

ఈ ఉత్తరం తెచ్చిన కొరియరు అబ్బాయి మీ వాకిట్లో నిలబడతాడు. షీటు లేకుండా కదలొద్దని చెప్పాను.

మేనకోడలు


గీతల బల్ల దగ్గర
మార్చి 21

స్కేలమ్మా,

అతన్ని కూర్చోబెట్టి రాస్తున్నాను. షీటు ఈ ఉత్తరం వెనకాలే ఉంది. మొదటి ఆదివారమే దొరికింది. ఉత్తరం చదివాకే అది తియ్యి.

ఆ రెండు అంతస్తులు పెంచిన వారం నీకు గుర్తుందా? యజమాని నాలుగు రోజుల్లో కావాలన్నాడు. నేను సైటులోనే ఉండిపోయాను. అంతస్తుకి ముప్పై ఆరు అని ఒక చీటీ రాసి ఆఫీసుకి పంపాను. అంతకుముందు ఎప్పుడూ కొసరు వేసే పంపేవాణ్ణి. ఆ ఒక్కసారి ఉత్త బరువే పంపాను. రెండేళ్లుగా నేర్చుకున్న పిల్ల ఉంది, కొసరు తనే వేస్తుంది అనుకున్నాను. నీ చేతికి అప్పజెప్పినందుకు లోపల గర్వంగా కూడా ఉంది.

ఆ పిల్ల షీటు నింపింది. 504 వచ్చింది, రెట్టింపుకి చాలలేదు. అప్పుడు ఆలోచించింది. మామయ్య పంపిన ముప్పై ఆరులో ఎప్పటిలాగే కొసరు ఉంటుంది, అసలు బరువు ముప్పయ్యే అయి ఉంటుంది అనుకుంది. ముప్పై ఆరు కొట్టేసి, పైన ముప్పై వేసింది. 420 వచ్చింది, సరిపోయింది. మూలన సంతకానికి బదులు తన పేరులోని రెండక్షరాలు పెట్టింది.

నేను తిరిగొచ్చి మొత్తం చూశాను, పై గీతలు చూడలేదు. నువ్వు చేశావు కదా అని కింద సంతకం పెట్టాను.

నేను వేశానని నువ్వు తీశావు. నువ్వు వేస్తావని నేను వేయలేదు. వేరే ఏ ఆఫీసులోనూ ఈ తప్పు జరిగేది కాదు. అక్కడ ఎవరూ ఎవరినీ ఇంతగా నమ్మరు.

నీ తప్పు కంటే నాది పెద్దది. నువ్వు ఇరవై రెండేళ్ల పిల్లవి, నేను యజమానిని. లెక్కలో ఎవరికీ చెప్పని కొసరు దాచే అలవాటు నీకు నేర్పింది నేను. కనపడనిది ఎవరైనా తీసేస్తారని నాకు తట్టలేదు.

ఇప్పుడు విను. నీ రెండక్షరాలు పై కుడి మూలన ఉన్నాయి. ఆ మూల చింపేసి చూపించు. పాత కాగితం, మూల చిరగడం ఎవరికీ వింతగా ఉండదు. కింద నా సంతకం ఒక్కటి చాలు. నాకు డెబ్బై రెండు, నా లైసెన్సు తీసుకెళ్లి ఏ గోడకి వేలాడదీసినా ఒకటే. నీకు ముందు ఇరవై ఏళ్ల పని ఉంది.

తిట్టావు. తిట్టు. కానీ మూల చింపు.

మామయ్య


బిల్డింగు ఎదుట, రోడ్డు అవతల
మార్చి 25

మామయ్యా,

బిల్డింగు ఖాళీ అయింది. చివరి కుటుంబం ఈ మధ్యాహ్నం దిగింది. ముందు ఆ మాట రాస్తే తప్ప నాకు ఊపిరాడదు.

షీటు తీసి చూశాను. నా రాత నేను గుర్తుపట్టడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. మూడు అంకెకి నేను పెట్టే ఆ తోక. పంతొమ్మిదేళ్లుగా నా మనసు ఆ వారాన్ని ఎక్కడ దాచిందో తెలియదు. నేను మెట్ల షీటు, ట్యాంకు షీటు వేసినట్టే గుర్తు. ఏడో పిల్లర్ నేను వేసినట్టు గుర్తే లేదు. మీకు ఎన్ని మాటలన్నాను! ఆ మనిషిని రోడ్డు మీదికి ఈడుస్తానన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మీరు చెప్పినట్టు చేయబోయాను. అబద్ధం చెప్పను. బల్ల మీద పెట్టి, ఆ మూల మీద స్కేలు ఆనించి, చింపడానికి సన్నగా గీత కూడా గీశాను. గంట సేపు స్కేలు తీయలేదు. అప్పుడు తట్టింది. చింపితే ఆ కాగితం ఒకరే తప్పు చేశారని చెబుతుంది. ఒకరు తప్పు చేస్తే ఇంకొకరు పట్టుకునేవారు. ఇద్దరం ఉండబట్టే ఇది జరిగింది. సగం చెప్పే కాగితంతో జనాన్ని దింపడం నాకు చేతకాలేదు.

మీటింగు ఒక రోజు ముందుకు జరిపించి షీటు బోర్డుకి గుచ్చాను. సెక్రటరీ గారు కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరికి వచ్చారు. కొట్టేసిన ముప్పై ఆరు చూశారు, పైన ముప్పై చూశారు. "ఈ మూలన రెండక్షరాలు ఎవరివి?" అన్నారు.

"నావి" అన్నాను.

 సగం పోయినా పర్లేదన్నాయన తల దించుకున్నాడు. సెక్రటరీ గారు కుర్చీలో కూలబడి, "మీ మీదికే తెచ్చుకుంటున్నారంటే ఇది నిజమేనమ్మా" అన్నారు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే, ఎన్ని గంటల్లో దిగాలి అని. మంచం పట్టిన ఆయన్ని మోయడానికి మొదట చేయి వేసింది కూడా ఆయనే.

అధికారి గంటలో సంతకం పెట్టాడు. అదే కలంతో నన్ను ఈ పని నుంచి తప్పించాడు. లైసెన్సు సంగతి విచారణలో తేలుస్తారట. న్యాయమే.

అమ్మ చివరగా దిగింది. "తప్పు నీదా, తమ్ముడిదా?" అంది. ఇద్దరిదీ అన్నాను. "అయితే ఇద్దరూ వచ్చి నా బీరువా మొయ్యండి" అంది. మెట్ల మీద నా చేయి పట్టుకుంది, కింది దాకా వదల్లేదు. రేపు పది గంటలకి మీ వాకిట్లో ఉంటుంది.

సెల్లారులో ఇప్పుడే చూసి వచ్చాను. రెండో గాజు కూడా విరిగింది.

మీ స్కేలు


ఇల్లు
ఏప్రిల్ 9

స్కేలమ్మా,

కొత్త ఇంజనీరు మర్యాదస్తుడు. నన్ను పిలిపించి పిల్లర్ పక్కన కుర్చీ వేయించాడు. చుట్టూ జాకీలు పెట్టి బరువు మెల్లగా వాటి మీదికి ఎత్తారు. మీటరు నాలుగు వందల తొంభై దగ్గర ఆగింది. ఇళ్లలో జనం లేరు, సామాన్లు సగం లేవు, లేకపోతే మన 504 అక్షరాలా వచ్చేది. నువ్వు కొట్టేసిన అంకె కరెక్టు అమ్మాయీ. నేను చూడని అంకె కూడా అదే.

తర్వాత గోడ వైపు ముఖం విప్పి చూశారు. అటు వైపు కాంక్రీటు చేత్తో గిల్లితే వచ్చింది. నీ ఆరు వందల పది కూడా ఎక్కువేనట. మహా అయితే ఐదు వందల ఇరవై. ఇంకెన్ని రోజులు ఉండేది అని అడిగాను. అది అడగవద్దు అన్నాడు.

నేను ఇంటికొచ్చి భోజనం చేయలేకపోయాను. నిన్ను కాపాడుతున్నానని అనుకున్నాను. నా లెక్కలో ఒక పక్క నీ రెండక్షరాలు, ఇంకో పక్క యాభై ఆరు కుటుంబాలు, మా అక్క. షీటు చేతిలో పెట్టుకుని పన్నెండు రోజులు కూర్చున్నాను. ఆ పన్నెండు రోజులు ఆ పిల్లర్ నిలబడటం నా గొప్ప కాదు, నీ గొప్ప కాదు. ఎవరికి దండం పెట్టాలో కూడా తెలియదు.

అక్క ఇక్కడే ఉంది. నా చెవిలో అరిచి అరిచి పక్కింటి వాళ్లకి మన ఇంటి సంగతులన్నీ చేరవేసింది. వచ్చిన మొదటి మూడు రోజులు మాత్రం నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున కాఫీ నా ముందు పెట్టి, "పిల్ల పేరు దాచడానికి నన్ను పైన ఉంచావా?" అంది. అవునన్నాను. "ఇంకెప్పుడూ నన్నడక్కుండా అలాంటి పని చేయకు" అంది. అంతే. కొట్టినా బాగుండేది.

నా ముద్ర, లైసెన్సు తిరిగి ఇచ్చేశాను. నీ విచారణలో ఏమంటారో రాయి.

మామయ్య


బిల్డింగు సెల్లారు
సెప్టెంబర్ 22

మామయ్యా,

నాకు ఆరు నెలలు లైసెన్సు ఆపేశారు. ఇంకో నెలలో అయిపోతుంది. ఈలోగా కొత్త ఇంజనీరు దగ్గర సంతకం లేని ఉద్యోగం చేశాను. ఇనుము కొలవడం, కాంక్రీటు ముక్కలు పరీక్షకి పంపడం. నలభై ఒక్కేళ్లకి మళ్లీ ట్రైనీనయ్యాను. మొదట్లో ఏడుపొచ్చింది, తర్వాత అలవాటైంది.

ఏడో పిల్లర్ ఇప్పుడు లావెక్కింది. పాత పిల్లర్ చుట్టూ కొత్త చువ్వలు, దగ్గర దగ్గరగా కొత్త రింగులు, కొత్త కాంక్రీటు. పదకొండు వందల టన్నుల దాకా నలగదు. బరువుల షీటు ఆయన నాతోనే వేయించాడు. అంతస్తుకి ముప్పై ఆరు రాశాను. దాని కింద ఇంకో గీత గీసి "కొసరు, అంతస్తుకి ఒక టన్ను, వేసినది నేను" అని పేరుతో సహా రాశాను. ఇదేమిటని అడిగాడు. మా ఇంటి పద్ధతి, ఇకనుంచి కనపడేలా వేస్తాం అన్నాను. ఆయన దాని పక్కన "చూశాను" అని రాసి సంతకం పెట్టాడు. ఆ మాట రాయడం మన ఆఫీసులో ఎవరికీ తట్టలేదు మామయ్యా.

షీటు ఒకటి మీకు పంపుతున్నాను. పని లేదంటారని తెలుసు. అయినా పై గీత నుంచి చూడండి.

అమ్మ ఈ రోజు తిరిగి వచ్చింది. లిఫ్టు ఎక్కమంటే ఎక్కకుండా తిన్నగా సెల్లారులోకి దిగింది. ఏడో పిల్లర్ దగ్గర నిలబడి, బిడ్డకి జ్వరం చూసినట్టు దాని మీద అరచేయి పెట్టింది.

"ఇప్పుడిది ఎంత మోస్తుందే?" అంది.

"నిన్ను, నీ బీరువాని, పైనున్న వాళ్లందరినీ" అన్నాను. "ఆ తర్వాత మళ్లీ అందరినీ ఇంకోసారి."

"కొసరు?"

"ఉందమ్మా. వేశాను."

"నువ్వు వేశావు సరే. ఎవరైనా చూశారా?"

చూశారన్నాను. సంతకం ఉందా అంది. ఉందన్నాను. కాగితం చూపించమంది. జేబులోంచి తీసి ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని, పై గీత నుంచి మొదలుపెట్టి, ఒక్కో అంకె మీద వేలు పెట్టి చివరిదాకా చదివింది. తర్వాత మడిచి నా చేతిలో పెట్టి మెట్లెక్కింది.

మీ స్కేలు